నాడి నలభైకి పడిపోతే చైనా కషాయం చాలునా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 69 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో అమ్మతో ఉంటారు. నేను ఉద్యోగరీత్యా సింగపూర్‌లో ఉన్నాను. మూడు నెలలుగా ఆయన బాగా నీరసపడ్డారు, నాడి నిమిషానికి 40, 42 మధ్యే ఉంటోంది. ఒకసారి పెరట్లో, ఇంకొకసారి స్నానాల గదిలో కళ్ళు బైర్లు కమ్మి పడిపోయారు. గుంటూరులో గుండె డాక్టరు గారు బీపీ కోసం వాడుతున్న అటెనొలాల్ మాన్పించి, దాని బదులు ఆమ్లోడిపిన్ ఇచ్చి, రెండు వారాల తర్వాత హోల్టర్ (గుండె లయను గంటల తరబడి నమోదుచేసే చిన్న యంత్రం) పెట్టి చూశారు. గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతాలు రెండింటికి ఒకటే దాటుతోందని, పగటిపూట మెలకువగా ఉన్నప్పుడే నాలుగు సెకన్లకు పైగా గుండె ఆగిన సందర్భాలున్నాయని, పేస్‌మేకర్ పెట్టాలని చెప్పారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇక్కడ నాతో పనిచేసే చైనా అమ్మాయి, తన మేనమామకు ఇలాగే నాడి నెమ్మదిస్తే మూలికల ద్రవం తాగి బాగుపడ్డారని, రెండు పెట్టెలు తెప్పించి ఇచ్చింది. పెట్టె మీద ఎర్ర జిన్సెంగ్, మాహువాంగ్, సీశిన్, బావంచాలు, దాన్‌షెన్, జలగ అని రాసి ఉన్నట్టు చదివి చెప్పింది. మూడు నెలలు ఇది వాడి చూసి, తగ్గకపోతే అప్పుడు పేస్‌మేకర్ పెట్టించవచ్చా? నాన్నగారికి షుగరు లేదు. కంట్లో ఒత్తిడికి రాత్రిళ్ళు చుక్కలు వేసుకుంటారు. ఆదివారం ఇంటికి బయలుదేరుతున్నాను. (ఒక పాఠకురాలు, సింగపూర్)

జవాబు: అమ్మా, మీ ప్రయాణం దగ్గర పడింది కనుక వివరణకు ముందే నిర్ణయం చెబుతున్నాను. మూడు నెలలు మాత్రం ఆగవద్దు, మూడు వారాలు కూడా ఆగవద్దు. రెండుసార్లు పడిపోయిన మనిషికి, మెలకువగా ఉండగా నాలుగు సెకన్లకు పైగా గుండె నిలిచినట్టు కాగితం మీద ఆధారం ఉన్న మనిషికి, ఏ మందుతోనైనా సరే ప్రయోగం చేసి చూసే వ్యవధి లేదు. అలాగని ఆ ద్రవం ఉత్త రంగునీళ్ళని నేను అనడం లేదు. చైనా వైద్యమంటే చులకనగా మాట్లాడేవారు మా వృత్తిలో కొందరున్నారు కానీ, వారి మాట మీ స్నేహితురాలి ముందు నిలవదు. తన మేనమామ నాడి పెరగడం ఆమె కళ్ళారా చూసింది. గుండెను తొందరపెట్టే పదార్థాలు ఆ సీసాలో నిజంగానే ఉన్నాయి, నా భయానికి సగం కారణం కూడా అదే. మిగతా సగం, అవి పనిచేసే చోటు ఒకటి, మీ నాన్నగారి జబ్బు ఉన్న చోటు మరొకటి కావడం.

మందగించిన నాడిని చైనా వైద్యులు గడియారాలు లేని కాలంలోనే కొలిచారు. మూడో శతాబ్దంలో వాంగ్ షుహ అనే వైద్యుడు నాడీశాస్త్రం మీద రాసిన గ్రంథంలో 24 రకాల నాడులను వర్ణించాడు. వైద్యుడు స్థిమితంగా ఒకసారి ఊపిరి పీల్చి వదిలే లోపు రోగి నాడి నాలుగైదు సార్లు కొట్టుకుంటే అది సహజమని, మూడుసార్లే కొట్టుకుంటే అది మందనాడి అని ఆ సంప్రదాయం చెబుతుంది. నిమిషానికి 18 శ్వాసలు అనుకుంటే, శ్వాసకు మూడు చొప్పున 54 అవుతుంది. మేము చదువుకున్న పుస్తకాల్లో ఈ గీత 60 దగ్గర ఉండేది, అమెరికా హృద్రోగ సంఘాలు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని 50 దగ్గర గీశారు. శ్వాసతో కొలిచిన ఆ పాత లెక్క ఈ రెండింటి నడుమ పడడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

నాడి మందగించడానికి వారు చెప్పే కారణం ఒంట్లో "యాంగ్" అనే వేడి శక్తి తగ్గి, లోపల చల్లదనం పేరుకోవడం. వేడి చేసే వస్తువులు, చలవ చేసే వస్తువులు అని మన ఇళ్ళలో అనుకునే పద్ధతికి ఇది దగ్గరగానే ఉంటుంది. చల్లబడిన దానికి వేడి చేసే మూలికలు ఇవ్వాలన్నది చికిత్స. సుమారు 1800 ఏళ్ళ కిందట ఝాంగ్ జోంగ్‌జింగ్ కూర్చిన "షాంగ్‌హాన్ లున్" అనే గ్రంథంలో మాహువాంగ్, ఫూజ్, సీశిన్ అనే మూడు మూలికల కషాయం ఒకటుంది. ఆయన దాన్ని చెప్పింది జ్వరంతో పాటు నాడి లోతుకు దిగిపోయిన మనిషికి. గుండె నెమ్మదించిన జబ్బుకు దాన్ని వాడడం తరువాతి తరాల వైద్యుల ఊహ. అదే గ్రంథంలో గుండె దడతో, నడుమ నడుమ తప్పే నాడికి అతిమధురం ప్రధానంగా ఉండే మరో కషాయం కూడా ఉంది. ఈనాడు చైనాలో మందనాడికి అమ్మే తయారీలు ఎక్కువగా ఈ వేడి మూలికల వరస నుంచి దిగినవే. మీ స్నేహితురాలు చదివి చెప్పిన జాబితా కూడా ఆ కుటుంబానిదే, అందులో ఫూజ్ లేకపోవడం ఒక్కటే తేడా.

ఇక ఆ జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా చూద్దాం. మాహువాంగ్ అంటే ఎఫెడ్రా మొక్క. జపాను శాస్త్రవేత్త నగాయ్ నాగయోషి 1885లో దాని నుంచి ఎఫిడ్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. 1920లలో పెకింగ్ యూనియన్ వైద్య కళాశాలలో చెన్, ష్మిట్ అనే ఇద్దరు పరిశోధకులు అది గుండె మీద, రక్తనాళాల మీద ఎలా పనిచేస్తుందో పరీక్షించి చూపిన తర్వాత ప్రపంచమంతా దాన్ని వాడడం మొదలుపెట్టింది. ఆపరేషన్ గదిలో మత్తుమందు వల్ల బీపీ పడిపోతే ఈ రోజుకీ మత్తు డాక్టర్లు ఎఫిడ్రిన్ సూది ఇస్తారు. మన ఒంట్లో కంగారు వేళ విడుదలయ్యే అడ్రినలిన్ ఏ మీటలు నొక్కుతుందో, ఇదీ దాదాపు వాటినే నొక్కుతుంది. నాడి పెరుగుతుంది, దానితో పాటు బీపీ కూడా పెరుగుతుంది. బరువు తగ్గడానికి, ఒంట్లో సత్తువకు అని అమ్మిన ఎఫెడ్రా బిళ్ళల వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు నమోదయ్యాక అమెరికా ప్రభుత్వం 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. మీ నాన్నగారికి బీపీ ఉంది, నిన్నటిదాకా దాన్ని అదుపులో పెట్టిన అటెనొలాల్ ఇప్పుడు లేదు. ఆ సంగతి మరిచిపోకండి.

సీశిన్ అనే వేరు విషయంలో నా అభ్యంతరం గుండెను దాటి మూత్రపిండాల దాకా పోతుంది. ఆ మొక్క ఏ కుటుంబానికి చెందినదో ఆ కుటుంబంలో అరిస్టొలోకిక్ ఆమ్లం అనే విషం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే చికిత్సలో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున ఈ ఆమ్లం ఉన్న మరో మూలిక కలవడంతో, ఎందరో స్త్రీల మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయి. తరువాతి ఏళ్ళలో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. సీశిన్‌లో ఈ విషం పరిమాణం తక్కువే, వేరులో కంటే ఆకులో ఎక్కువ. అందుకే చైనా అధికారిక ఔషధ సంహిత 2005 కూర్పు నుంచి మొక్క మొత్తాన్ని వాడడం మాన్పించి, వేరుకూ దుంపకూ పరిమితం చేసింది. తక్కువ అంటే లేదని కాదు కదా. 69 ఏళ్ళ వయసులో, బీపీ ఉన్న మనిషి మూత్రపిండాల మీద ఆ భారం నెలల తరబడి మోపడానికి నేనైతే ఒప్పుకోను.

బావంచాలు మనకు తెలిసినవే. తెల్లమచ్చలకు మన వైద్యులు తరతరాలుగా వాడుతున్నారు. లోపలికి ఎక్కువ రోజులు తీసుకున్న కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్యపత్రికల్లో వచ్చాయి. దాన్‌షెన్ (ఒక చైనా మూలిక వేరు), జలగ రెండూ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి (మూలికల మందు అని పేరేగానీ జలగ మూలిక కాదు, ఇంట్లో మాంసం ముట్టనివారు పెట్టె మీది అక్షరాలు చదివించుకోవాలి). ఈ రెండింటి వల్ల మీ నాన్నగారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పేస్‌మేకర్ పెట్టడానికి కాలరు ఎముక కింద చర్మం తెరిచి చిన్న జేబు లాంటిది చేస్తారు. రక్తం పలుచబడి ఉంటే ఆ జేబులో నెత్తురు చేరి గడ్డకడుతుంది, అక్కడ చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. అంటే మూడు నెలలు ఆ ద్రవం తాగి, పనిచేయలేదని తేల్చుకుని, ఆ తర్వాత పేస్‌మేకర్‌కు వెళ్తే, ఆ చికిత్సను కూడా చేజేతులా కష్టతరం చేసుకున్నట్టే అవుతుంది.

మీ పెట్టెలో లేకపోయినా ఈ జబ్బుకే చైనాలో వాడే మరికొన్ని దినుసుల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ మందు దొరకకపోతే ఇంకొకటి అంటూ ఎవరో ఒకరు ముందుకు వస్తారు. ఫూజ్ అంటే మన నాభి (వసనాభి అనే విషపు దుంప) జాతికే చెందిన దుంప. గంటల తరబడి ఉడకబెడితే అందులోని అకొనిటిన్ అనే విషపదార్థం చాలావరకు విరిగి, విషం తగ్గుతుంది. ఉడక తక్కువైతే అదే దుంప గుండె కణాల్లో సోడియం దారులను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచి, ప్రాణాంతకమైన అదుపు లేని లయను పుట్టిస్తుంది. మనిషి ప్రాణం తీయడానికి రెండు మిల్లీగ్రాముల అకొనిటిన్ చాలు. 2022 ఆగస్టులో కెనడాలోని మార్కమ్ పట్టణంలో ఒక భోజనశాలలో తిన్న పదిమందికి పైగా మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. వంటలో వేసిన అల్లం జాతి దుంప పొడిలో నాభి జాతి విషం కలిసి ఉండడమే కారణమని తేలింది.

షిన్‌బావ్ అనే మాత్రల్లో ఫూజ్‌తో పాటు ఉమ్మెత్త పువ్వు, కప్ప విషం ఉంటాయి. ఉమ్మెత్తలోని అట్రోపిన్ జాతి పదార్థం నాడిని పరుగెత్తిస్తుంది. మేము అత్యవసర విభాగంలో సూదిగా ఇచ్చేది దాన్నే. కప్ప విషంలో ఉండేది డిజాక్సిన్ అనే గుండె మందును పోలిన పదార్థం. మన పల్లెల్లో పచ్చగన్నేరు గింజలు మింగినవారి గుండె ఎందుకు నెమ్మదించి ఆగిపోతుందో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పనిచేసిన ఏ డాక్టరును అడిగినా చెబుతారు, ఆ గింజల్లోని విషానిదీ అదే తీరు. నాడిని పెంచే ఉమ్మెత్తను, సంకేతాన్ని ఆపగల కప్ప విషాన్ని ఒకే మాత్రలో కలిపి, ఇప్పటికే సంకేతం సరిగా దాటని మనిషికి ఇవ్వడాన్ని సమర్థించే కారణం నాకైతే కనబడదు.

ఇప్పుడు అసలు విషయం. గుండె నెమ్మదించడం ఒకే జబ్బు కాదు. పై కుడి గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం లయను పుట్టిస్తుంది. ఆ సంకేతం నడుమ ఉన్న ఏవీ నోడ్ గుండా, దాని కింది తీగల గుండా కింది గదులకు చేరుతుంది. పుట్టేచోటే మందగించడం ఒక జబ్బు, పుట్టింది దాటలేకపోవడం మరో జబ్బు. మీరు తెనాలి వైపువారు కనుక ఇలా చెబితే సులువుగా తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు తక్కువ వదిలితే పొలాలకు తడి అందదు. నీరు నిండుగా వదిలినా దుగ్గిరాల లాకుల దగ్గర తలుపులు బిగుసుకుపోతే అప్పుడూ అందదు. చూసేవాడికి పొలం ఎండటం ఒక్కటే, కానీ రెండో దానికి బ్యారేజీ గేట్లు ఎత్తి ప్రయోజనం లేదు. ఎఫిడ్రిన్, అట్రోపిన్ వంటివి ప్రధానంగా ఎత్తేది బ్యారేజీ గేట్లను. మీ నాన్నగారిలో బిగిసింది లాకులు.

అంకెల్లో చూడండి. రెండింటికి ఒకటే దాటుతోందంటే, కింది గదులు 40 సార్లు కొట్టుకుంటున్నప్పుడు పై గదులు 80 సార్లు కొట్టుకుంటున్నాయన్నమాట. పై వేగం మామూలుగానే ఉంది, తొందరపెట్టాల్సిన అవసరమే అక్కడ లేదు. మందు ఇచ్చి దాన్ని 100కు తెచ్చారనుకోండి. రెండింటికి ఒకటి దాటితే నాడి 50కి వస్తుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. అడ్డంకి నోడ్‌కు కింద, తీగల్లో ఉంటే మాత్రం, మీద ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తీగలు ఇంకా అలసిపోయి మూడింటికి ఒకటే దాటవచ్చు. అప్పుడు నాడి 33కు పడిపోతుంది. అట్రోపిన్ సూది ఇచ్చినప్పుడు ఇలా జరగడం హృద్రోగ విభాగాల్లో తెలిసిన సంగతే, అందుకే అలాంటి రోగికి ఆ సూది ఇచ్చేటప్పుడు మేము పక్కన బయటి పేస్‌మేకర్ సిద్ధంగా పెట్టుకుంటాం. తెనాలి దగ్గర పల్లెలో, రాత్రి పది గంటలకు, ఆ సిద్ధం ఎవరు చేస్తారు?

మరి ఆ మేనమామ ఎలా బాగుపడ్డాడని మీరు అడగవచ్చు. ఆయనకు బహుశా సైనస్ నోడ్ మందగించి ఉంటుంది, స్పృహ తప్పి ఉండకపోవచ్చు. ఆ రకంలో నాడి తనంతట తానే వారానికీ వారానికీ మారుతుంది. నోడ్‌ను తట్టి లేపే మందుకు కొంత స్పందిస్తుంది కూడా. మా దగ్గరా థియోఫిలిన్ (ఉబ్బసం మందు) లాంటి మాత్రలు అలా కొంత పెంచుతాయి, అయినా దీర్ఘకాలం వాటి మీద ఆధారపడం. చైనాలో ఈ మూలికల తయారీల మీద జరిగిన పరీక్షలు తక్కువేమీ కాదు. వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, కొన్ని వారాలకే ముగిసినవి, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలిసి చేసినవి. నాడి నిమిషానికి కొన్ని దెబ్బలు పెరిగిందా లేదా అని కొలిచారు. పడిపోవడం తగ్గిందా, ప్రాణాలు నిలిచాయా, పేస్‌మేకర్ అవసరం తప్పిందా అన్నది కొలిచినవి బహు అరుదు. మీ నాన్నగారికి కావలసిన జవాబు ఆ రెండో ప్రశ్నకు.

సీసాలో రాసినదే ఉంటుందన్న భరోసా కూడా తక్కువ. 1998లో కాలిఫోర్నియా ఆరోగ్యశాఖ అక్కడి దుకాణాల్లో దొరికే ఆసియా మందులు 260 పరీక్షిస్తే, 83 వాటిలో పెట్టె మీద చెప్పని ఆధునిక మందులో, సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివో బయటపడ్డాయి. పక్షపాతం అనుకోకండి. 2004లో బోస్టన్ ప్రాంతంలో అమ్మే ఆయుర్వేద తయారీలు 70 పరీక్షిస్తే 14 వాటిలో ఇలాంటి లోహాలే దొరికాయి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం మూలికల గురించినది కాదు, చివర్లో యథాలాపంగా రాసిన కంటి చుక్కల మాట. కంట్లో ఒత్తిడికి వాడే చుక్కల్లో టిమొలాల్ చాలా సాధారణం. అది అటెనొలాల్‌కు దగ్గరి బంధువు. కంట్లో వేసిన చుక్క కన్నీటి గొట్టం ద్వారా ముక్కులోకి జారి, అక్కడి పొరల నుంచి నేరుగా నెత్తుటిలో కలుస్తుంది. కడుపులోకి పోయిన మందులా ముందుగా కాలేయం గుండా వెళ్ళి బలం తగ్గించుకోదు. అందుకే ఒక్క చుక్కే అయినా పెద్దవయసు వారిలో నాడిని నెమ్మది చేయగలదు, సంకేతం దాటడాన్ని అడ్డుకోగలదు. అటెనొలాల్ మాన్పించిన డాక్టరు గారికి ఈ చుక్కల సంగతి మీ నాన్నగారు చెప్పి ఉండరని నా అనుమానం. కంటి చుక్కలను మందుల లెక్కలో చెప్పేవారు చాలా తక్కువ. ఈ రోజే అమ్మకు ఫోన్ చేసి, ఆ సీసా మీది పేరు అక్షరం అక్షరం చదివించుకోండి. చివర "లాల్" అని ఉన్నా, రెండు మందులు కలిసిన చుక్కలైనా, గుండె డాక్టరుకూ కంటి డాక్టరుకూ ఇద్దరికీ అదే రోజు చెప్పండి. గుండెను నెమ్మది చేయని లాటనొప్రోస్ట్ వంటి చుక్కలున్నాయి, కంటి డాక్టరు మార్చగలరు. మీ అంతట మీరు ఆపవద్దు, కంటి ఒత్తిడి పెరిగితే పోయే చూపు తిరిగిరాదు.

చుక్కలు మారిస్తే పేస్‌మేకర్ తప్పుతుందా? కొందరికి తప్పుతుంది. ఇలా మందుల వల్ల సంకేతం ఆగినవారిలో చాలామందికి, మందు మానేశాక కూడా కొన్నాళ్ళకు అదే అడ్డంకి మళ్ళీ కనిపిస్తుంది. లోపల తీగ ముందే బలహీనపడి ఉంటుంది, మందు దాన్ని బయటపెడుతుంది అంతే. కనుక ఆ పరీక్ష చేయవలసింది ఇంట్లో కాదు. ఆసుపత్రిలో మానిటర్ కింద పడుకోబెట్టి, కొన్ని రోజుల్లో తేల్చుకోవాలి. అదే సమయంలో థైరాయిడ్, పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు జరిగాయో లేదో అడగండి. థైరాయిడ్ తగ్గినా, పొటాషియం పెరిగినా నాడి పడిపోతుంది, రెండూ సరిచేయగలిగినవే. బీపీకి ఎవరైనా నాటుమందో ఆయుర్వేద మాత్రలో ఇచ్చారేమో కూడా నెమ్మదిగా కనుక్కోండి. కొన్నింటిలో సర్పగంధ ఉంటుంది. బొంబాయికి చెందిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హృద్రోగ పత్రికలో రాసిన వ్యాసంతో ప్రపంచానికి బీపీ మందుగా పరిచయమైన ఆ వేరు నాడిని కూడా మందగింపజేస్తుంది.

ఈ జవాబు చదివే మిగతా వారిలో నాడి 52 ఉందని, 55 ఉందని కంగారుపడేవారు తప్పక ఉంటారు. రోజూ పరుగెత్తేవారికి, పొలం పని బలంగా చేసేవారికి 45 ఉండడం కూడా వింత కాదు. గాఢనిద్రలో ఎవరికైనా 40 కిందికి పోవచ్చు. ఆయాసం, తల తిరగడం, పడిపోవడం ఏవీ లేకుండా, ఈసీజీలో సంకేతం సక్రమంగా దాటుతూ ఉంటే, దానికి అల్లోపతి మందూ అక్కర్లేదు, చైనా కషాయమూ అక్కర్లేదు.

మీ నాన్నగారి భయం గురించి కూడా కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే మీ మూడు నెలల ఆలోచనకు మూలం మూలికల మీద నమ్మకం కంటే ఆ భయమే అనిపిస్తోంది. ఛాతీలో యంత్రం అంటే ఆయన గుండెను కోసి లోపల ఏదో పెడతారని ఊహిస్తూ ఉండవచ్చు. పేస్‌మేకర్ బరువు 20 నుంచి 30 గ్రాములు. గుండెను కోయరు. భుజం దగ్గర చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి, సిర గుండా సన్నని తీగను లోపలికి పంపుతారు. సుమారు గంట పని, ఒకటి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండాలి. ఆ వైపు చేతిని నెల, నెలన్నర పాటు భుజం పైకి ఎత్తకూడదు. బ్యాటరీ దాదాపు 8 నుంచి 12 ఏళ్ళు వస్తుంది. ఆ తర్వాత పై పెట్టె మార్చుకోవడం మొదటిసారి కంటే తేలిక. ఫోన్‌ను ఆ వైపు చొక్కా జేబులో పెట్టుకోకుండా, అవతలి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడితే సరిపోతుంది. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలి. చీము పట్టడం, తీగ కదలడం, ఊపిరితిత్తికి గుచ్చుకోవడం వంటి చిక్కులు నూటికి కొద్దిమందిలో వస్తాయి. దాచి చెప్పడం కంటే ఇవీ చెప్పడమే మంచిది, ఆయన లెక్క వేసుకోగలరు.

ఆయనకు ఒక మనిషి కథ చెప్పండి. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరొలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ళ వ్యక్తికి ప్రపంచంలో మొట్టమొదటిసారి పేస్‌మేకర్‌ను ఒంట్లో అమర్చారు. రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పే మనిషి ఆయన. మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. అలా మారుస్తూ మారుస్తూ 26 యంత్రాలతో ఆయన 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ కంటే, అమర్చిన సర్జన్ సెన్నింగ్ కంటే కూడా ఎక్కువ కాలం ఉన్నాడు, పోయింది కూడా గుండెజబ్బుతో కాదు.

మీ స్నేహితురాలికి కూడా ఒక మాట చెప్పవచ్చు. మీ నాన్నగారి జబ్బుకు చైనా నుంచి వచ్చిన గొప్ప సాయం వేరే ఉంది. వెన్‌ఝౌ నగరంలోని హువాంగ్ వెయ్‌జియాన్ అనే హృద్రోగ నిపుణుడి బృందం 2017లో ఒక కొత్త పద్ధతిని ప్రకటించింది. పాత పద్ధతిలో తీగ కొనను కింది గది కండరానికి తగిలించేవారు, దాంతో కొందరిలో ఏళ్ళు గడిచేసరికి గుండె బలహీనపడేది. ఈ పద్ధతిలో తీగను రెండు గదుల నడుమ గోడలోకి దింపి, అడ్డంకికి సరిగ్గా దిగువన, గుండె సొంత ఎడమ తీగనే పట్టుకుంటారు. సంకేతం ప్రకృతి వేసిన దారిలోనే పోతుంది. నా లాకుల పోలికలో చెప్పాలంటే, బిగిసిన తలుపులను వదిలేసి దాని దిగువ నుంచే కాలువలోకి నీరు పెట్టడం. ఇది ఇప్పుడు మన దేశంలో కూడా చాలాచోట్ల చేస్తున్నారు. మీ నాన్నగారికి ఇది తగునా, మామూలు రెండు తీగల పేస్‌మేకర్ సరిపోతుందా అని గుంటూరు డాక్టరు గారినే అడగండి, ఈసీజీలో కింది గదుల గీత వెడల్పు చూసి ఆయన చెప్పగలరు. డబ్బు ఇబ్బంది ఉన్న కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద పేస్‌మేకర్‌కు వీలుంది.

మీరు చేరేలోపు అమ్మకు నాలుగు జాగ్రత్తలు చెప్పండి. నాన్నగారు స్నానాల గది గడియ వేసుకోకూడదు, కూర్చునే స్నానం చేయాలి. బండి నడపకూడదు, బావి గట్టుకు, చెరువు గట్టుకు ఒంటరిగా వెళ్ళకూడదు, నిచ్చెన ఎక్కకూడదు. మళ్ళీ ఒక్కసారి పడిపోయినా, ఛాతీ బరువెక్కినా మీ కోసం చూడకుండా 108కు ఫోన్ చేయాలి. ఆ ద్రవం నమూనాగా ఒకటి రెండు సీసాలు ఎవరి ద్వారానైనా ముందే ఇంటికి చేరి, ఆయన తాగి ఉంటే, డాక్టరు గారికి దాచకండి. ఏ రోజు ఎంత తాగారో చెబితే వారు పేస్‌మేకర్ తేదీ దానికి తగ్గట్టు చూసుకుంటారు.

మీ దగ్గరున్న రెండు పెట్టెలనూ స్నేహితురాలికి మర్యాదగా తిరిగి ఇచ్చేయండి. పెట్టె నాలుగు వైపులా ఫోటోలు మాత్రం తీసి ఉంచుకోండి, గుంటూరులో అడిగితే చూపడానికి. ఆదివారం ఇల్లు చేరగానే కంటి చుక్కల సీసా, పాత మందుల చీటీలు, హోల్టర్ కాగితాలు ఒక సంచిలో వేసుకుని, సోమవారం ఉదయమే నాన్నగారిని వెంటబెట్టుకుని బయలుదేరండి.